కీమో మందు డీఎన్ఏని ఎంత దెబ్బతీసింది? తోక పొడవొక్కటే చూసి చెప్పకండి

రెండేళ్ల కిందట, మండుటెండల్లో, మా కాలేజీలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి మైక్రోస్కోపు గదిలోంచి ఏడుపుమొహంతో వచ్చింది. "మేడం, లేబుళ్లు తారుమారైపోయినట్టున్నాయండి" అంది. తను చేస్తున్నది కామెట్ పరీక్ష. అందులో డీఎన్ఏ తెగిన కణానికి మైక్రోస్కోపులో తోకలాంటిది కనిపిస్తుంది, మామూలుగా ఎంత తెగితే అంత పొడుగు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చిన ఎలుకల కిడ్నీ కణాల్లో తోకలు పొట్టిగా ఉన్నాయి. ఉత్త సెలైన్ ఇచ్చిన ఎలుకల్లో అంతకంటే కాస్త పొడుగ్గా ఉన్నాయి. ఆ లెక్కన మందు డీఎన్ఏని బాగుచేసినట్టు! లేబుళ్లు సరిచూశాం, రిజిస్టరు తిరగేశాం, మందు సీసా మీద తేదీ చూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ అమ్మాయి చేతిలో పొరపాటేమీ లేదు. పరీక్షని మేమే సగం నేర్చుకున్నాం.

ఆ మిగతా సగంతో కలిపి, మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఫార్మసీ, జువాలజీ, బయోటెక్నాలజీ విభాగాల్లో ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది. మన దగ్గర ఎండ, ఉక్కపోత, కరెంటు కోత, ఉప్పు బోరునీళ్లు, అన్నీ ఈ పరీక్షకి పగవాళ్లే. ఐసు ఒక్కటే మన పక్షం.

ముందు తాడు సంగతి అర్థం చేసుకోండి

డీఎన్ఏని కోనసీమ కొబ్బరి పీచు తాడు అనుకోండి. రెండు పేటలు కలిపి పేనిన తాడు. ఒక పేట ఎక్కడో తెగినా తాడు పైకి తాడులాగే ఉంటుంది. పురి విప్పితేనే తెగిన కొస బయటపడుతుంది. కామెట్ పరీక్షలో మనం చేసేది అదే. కణాన్ని పల్చటి జెల్లో ఇరికిస్తాం, పొరలనీ ప్రొటీన్లనీ ఉప్పుతో, డిటర్జెంటుతో కడిగేస్తాం, గాఢమైన క్షారంలో డీఎన్ఏ పురి విప్పుతాం, కరెంటు పెడతాం. డీఎన్ఏకి రుణావేశం ఉంటుంది కాబట్టి తెగిన ముక్కలు, వదులైన కొసలు ధన ధ్రువం వైపు సాగుతాయి. మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి తల, దాని వెనక చెదిరిన తోక. అచ్చం తోకచుక్కే, పేరు అందుకే వచ్చింది. 1984లో స్వీడన్‌లో ఓస్ట్‌లింగ్, యోహాన్సన్ దీన్ని తటస్థ ద్రావణంలో చేశారు. 1988లో ఎన్.పి. సింగ్ బృందం క్షారంలో చేసి చూపించింది. ఇప్పుడు అందరం వాడేది ఆ క్షార పద్ధతే. జంతువుల మీద చేసేటప్పుడు పాటించాల్సిన వివరాలు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 489వ మార్గదర్శకంలో ఉన్నాయి. 2014లో వచ్చింది, 2016లో సవరించారు. ఉచితంగా దొరుకుతుంది, ప్రింటు తీసి ల్యాబు గోడకి అంటించండి.

ఇప్పుడు అదే తాడుకి, రెండు పేటలనీ కలిపి అక్కడక్కడా గట్టిగా ముడులు వేశామనుకోండి. పురి విప్పుదామన్నా విడిపోదు. మధ్యలో ఒక పేట తెగి ఉన్నా ఆ కొస ముడి దాటి బయటికి రాదు. సిస్‌ప్లాటిన్, మైటోమైసిన్ సి చేసే పని ఇదే. సిస్‌ప్లాటిన్ వేసే బంధాల్లో ఎక్కువభాగం ఒకే పేటలో పక్కపక్కనున్న గ్వానిన్ల (డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి) మధ్యనే పడతాయి. రెండు పేటలనీ కలిపి బిగించేవి కొద్దే. కానీ తోకని ఆపడానికి ఆ కొద్దీ చాలు. డీఎన్ఏని పక్కనున్న ప్రొటీనుకి కట్టేసే ముడులు దానికి తోడు. అంటే మా అమ్మాయి స్లైడ్లో పొట్టి తోక కనిపించిందంటే దెబ్బ లేదని కాదు, దెబ్బ తోకనే కట్టేసిందని.

కాబట్టి పని మొదలుపెట్టకముందే మీ మందు ఏ జాతిదో చూసుకోండి. బ్లియోమైసిన్ పేటల్ని నేరుగా తెంపుతుంది, తోక పొడుగ్గా వస్తుంది, టెన్షన్ లేదు. ఎటోపోసైడ్ టోపోఐసోమరేజ్ 2 అనే ఎంజైమును పట్టుకుని పేటల్లో తెగుళ్లు, అంటే తెగిన చోట్లు, పుట్టిస్తుంది కానీ, మందు తగ్గగానే కొద్దిసేపట్లోనే వాటిలో చాలావరకు అతుక్కుపోతాయి. ఆలస్యంగా కణజాలం తీస్తే ఏమీ మిగలదు. డాక్సోరూబిసిన్ కూడా అదే ఎంజైము మీద పనిచేస్తుంది, పైగా ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, గుండె కణజాలానికి బాగా చెరుపు. దానితో ఇంకో తలనొప్పి ఉంది, తర్వాత చెప్తాను. సైక్లోఫాస్ఫమైడ్ సీసాలో ఉన్నంతసేపూ ఏమీ చేయదు. కాలేయంలోని సైటోక్రోమ్ ఎంజైములు దాన్ని మార్చాకే ఫాస్ఫరమైడ్ మస్టర్డ్, అక్రోలీన్ అనే రెండూ పుడతాయి. మొదటిది డీఎన్ఏకి ముడులు వేస్తుంది, రెండోది మూత్రాశయాన్ని కాలుస్తుంది. ఈ మందుతో తెగుళ్లు, ముడులు రెండూ కలగలిసి వస్తాయి. అందుకే సైక్లోఫాస్ఫమైడ్ ఫలితాల్ని ఒక్క తోక పొడవుతో తేల్చేసేవాళ్లని చూస్తే నాకు నమ్మకం కుదరదు.

అనుమతి, ఎలుకలు, గడియారం

1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఎలుకని కూడా ముట్టుకోకండి. పైన ఉన్న జాతీయ కమిటీని పూర్వం సీపీసీఎస్ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. అనుమతి కోసం నింపే ఫారం బిలో ఎలుకల సంఖ్యకి కారణం అడుగుతారు. "గుంపుకి 5, మార్గదర్శకం ప్రకారం" అని రాస్తే సరిపోదు. ఎన్ని గుంపులు, ఎందుకన్ని అనేది కూడా రాయండి. సెలైన్ గుంపు, మందు గుంపులు, పరీక్ష పనిచేస్తోందని రుజువుకి ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్ ఇచ్చిన పాజిటివ్ కంట్రోలు గుంపు తప్పనిసరి. మత్తు, మందు మోతాదు, ప్రాణం తీసే పద్ధతి అన్నీ అనుమతి పత్రంలో ఉన్నట్టే జరగాలి.

ఇక గడియారం. రోజుకోసారి చొప్పున కనీసం రెండు రోజులు మందు ఇచ్చి, చివరి మోతాదు తర్వాత 2 నుంచి 6 గంటల మధ్య కణజాలం తీయాలన్నది మామూలు నియమం. ముడులు వేసే మందులకి నేనైతే 24 గంటల దగ్గర ఇంకో గుంపు కూడా పెట్టమంటాను. సిస్‌ప్లాటిన్ ముందు ఒక పేటకి అతుక్కుని, తర్వాత గంటల మీద రెండో పేటని పట్టుకుంటుంది. ఆ తర్వాత కణం మరమ్మతు మొదలుపెట్టి ముడి విప్పేటప్పుడు మళ్లీ తెగుళ్లు పుడతాయి. ఒకే గంటలో తీసిన ఫొటోతో కథంతా తెలియదు.

4 గుంపులు, గుంపుకి 5 అంటే 20 ఎలుకలు. అన్నింటినీ ఒకేసారి కోయలేరు. చాలామంది పొద్దున చల్లగా ఉండగా కంట్రోలు గుంపు అయ్యాక, మధ్యాహ్నం మందు గుంపు మొదలుపెడతారు. మన ఊళ్లో మధ్యాహ్నానికి గది పొయ్యిలా ఉంటుంది. అప్పుడు మీరు కొలిచేది మందుని కాదు, ఎండని. మొదటి ఎలుక సెలైన్‌ది, రెండోది తక్కువ మోతాదుది, మూడోది ఎక్కువ మోతాదుది, నాలుగోది పాజిటివ్‌ది, మళ్లీ సెలైన్‌ది. ఇలా కలిపి, ఒక్కోదానికి 10, 15 నిమిషాల ఎడంలో మందు ఇవ్వండి. కోసేటప్పుడూ అదే వరస, అదే ఎడం.

సిస్‌ప్లాటిన్ కరిగించేటప్పుడు ఒక హెచ్చరిక. దాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగిస్తే ఆ ద్రావణే ప్లాటినానికి అతుక్కుని మందుని పాడుచేస్తుంది. సెలైన్‌లోని క్లోరైడు దాన్ని నిలకడగా ఉంచుతుంది కాబట్టి సెలైన్‌లోనే కలపండి, వెలుతురు తగలనివ్వకండి. అల్యూమినియం ఉన్న సూది వాడకండి. ఫ్రిజ్‌లో పెడితే చల్లగా ఉంటుందిగా అనుకుంటారు, అక్కడ గట్టి ద్రావణం పలుకులు కడుతుంది.

ముందురోజు కలుపుకోవాల్సినవి

బోరునీళ్లు, క్యాను నీళ్లు దేనికీ పనికిరావు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ మన బోర్లలో ఉప్పు ఎంత ఉంటుందో ఇంట్లో గిన్నెలకి పట్టే తెలుపు చూస్తేనే తెలుస్తుంది. రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లు తీసుకోండి.

లైసిస్ (కణం పొరల్ని, ప్రొటీన్లని కడిగేసే) ద్రావణానికి లీటరు లెక్కన సోడియం క్లోరైడ్ 146.1 గ్రాములు, ఈడీటీఏ డైసోడియం ఉప్పు 37.2 గ్రాములు, ట్రిస్ 1.2 గ్రాములు. ముందు 700 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్ 10కి తీసుకురండి. సుమారు 8 గ్రాములు పడుతుంది. పీహెచ్ పెరిగేదాకా ఈడీటీఏ కరగదు, అడుగున సుద్దలా కూర్చుంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి కంగారుపడి వేడి చేస్తారు. వేడి అక్కర్లేదు, ఓపిక కావాలి. ఈ స్టాకు గది ఉష్ణోగ్రతలోనే నిలవ ఉంటుంది. వాడే రోజున మాత్రమే 1 శాతం ట్రైటాన్ ఎక్స్ 100, 10 శాతం డీఎంఎస్ఓ కలిపి చల్లబరచండి. రక్తం అంటుకున్న కణజాలంలో హిమోగ్లోబిన్ నుంచి వదిలే ఇనుము రాడికల్స్ పుట్టించి డీఎన్ఏని తెంపుతుంది, డీఎంఎస్ఓ ఆ రాడికల్స్‌ని పట్టేస్తుంది. పైన సిస్‌ప్లాటిన్‌కి వద్దన్న డీఎంఎస్ఓయే ఇక్కడ కావాలి.

ఎలక్ట్రోఫోరెసిస్ ద్రావణం లీటరుకి సోడియం హైడ్రాక్సైడ్ 12 గ్రాములు, ఈడీటీఏ 0.37 గ్రాము. పీహెచ్ 13 దాటాలి. ఏ రోజుకి ఆ రోజు కలుపుకోండి. కడగడానికి 0.4 మోలార్ ట్రిస్, అంటే లీటరుకి 48.5 గ్రాములు, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 7.5. ట్రిస్‌తో చిక్కేమిటంటే ఒక్కో డిగ్రీ వేడికి దాని పీహెచ్ సుమారు 0.03 తగ్గుతుంది. ఏసీ గదిలో సరిచేసిన ద్రావణం 38 డిగ్రీల వరండాలో అదే పీహెచ్‌లో ఉండదు. ఎక్కడ వాడతారో ఆ వేడిలోనే చూసుకోండి.

స్లైడ్లకి అడుగుపూత కూడా ముందురోజే. మామూలు అగరోజ్ (జెల్ కట్టే పొడి) 1 శాతం కరిగించి, వేడిగా ఉండగానే స్లైడుని ఒక్క ముంచు ముంచి, వెనకవైపు తుడిచి ఆరబెట్టండి. పూత ఎంత పల్చగా ఉండాలంటే ఆత్రేయపురంలో పూతరేకుల కుండ మీద గుడ్డ ఒక్కసారి లాగినంత. వానాకాలంలో రాత్రంతా బల్ల మీద ఉంచినా ఆరదు. 40 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. సరిగా ఆరని పూత మీద పోసిన జెల్ లైసిస్‌లో చేప పొలుసులా లేచిపోతుంది. మొత్తం ఎలుక ప్రాణం వృథా.

కోసిన నిమిషం నుంచి

ఐసు పెట్టె బల్ల పక్కనే ఉండాలి. నరసాపురం, భీమవరం వైపు రొయ్యల లారీల కోసం ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి దానికి మనకి కరువు లేదు. మా అటెండరుకి ముందురోజు చెప్తే చాలు, తెల్లారేసరికి "ఆయ్, తెచ్చేశానండి" అంటూ థర్మాకోల్ పెట్టెతో దిగిపోతాడు. కాకపోతే ఆ ఐసు పాత్రలకి బయటే ఉండాలి. ఏ నీళ్లతో గడ్డకట్టించారో మనకి తెలియదు, ఒక్క ముక్క కూడా బఫర్లో పడకూడదు.

కాలేయం, కిడ్నీ తీయగానే చల్లటి మిన్సింగ్ బఫర్లో రక్తం పోయేదాకా కడగండి. ఇది కాల్షియం, మెగ్నీషియం లేని హ్యాంక్స్ ద్రావణంలో 20 మిల్లీమోలార్ ఈడీటీఏ, 10 శాతం డీఎంఎస్ఓ కలిపినది, పీహెచ్ 7.5. ప్రతి అవయవంలోంచి ఒక ముక్కని ఫార్మలిన్‌లో దాచండి. ఫలితం అనుమానంగా వస్తే కణాలు చచ్చిపోయాయా, కణజాలం కుళ్లిందా అని చూడ్డానికి అదే సాక్షి. రెండో ముక్కని, 5 మిల్లీమీటర్లది, చిన్న గిన్నెలో కొద్దిగా బఫర్ పోసి పదునైన కత్తెరతో వేగంగా తురుములా కత్తిరించండి. జల్లెడ మీద పెట్టి సిరంజి పిడితో నలపడం కొందరికి అలవాటు. ఆ నలుపుడుకే డీఎన్ఏ తెగుతుంది. కత్తిరించాక అర నిమిషం కదపకుండా ఉంచితే ముక్కలు అడుగుకి దిగుతాయి. పైన తేలే మబ్బు నీళ్లలో మీకు కావాల్సిన కణాలున్నాయి. ఎముక మజ్జ కావాలంటే తొడ ఎముక రెండు కొసలూ కత్తిరించి, సన్నటి సూదితో బఫర్ని లోపలినుంచి తోయండి.

10 మైక్రోలీటర్ల కణాల ద్రావణాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచిన 0.5 శాతం తక్కువ వేడికి కరిగే అగరోజ్ 90 మైక్రోలీటర్లలో కలిపి, స్లైడు మీద పోసి, కవర్‌స్లిప్ మూసి ఐసు ట్రే మీద 5 నిమిషాలు ఉంచండి. మే నెలలో గది బల్ల మీద ఇది గంటసేపైనా గట్టిపడదు. మూత జారించి తీసేటప్పుడు పైకి లేపకండి, పక్కకి జరపండి. ఎలుకకి కనీసం 3 స్లైడ్లు. ముడులు వేసే మందైతే అన్ని గుంపులకీ ఇంకో 3, ఎందుకో కింద ముడులు కొలిచే భాగంలో ఉంది. ఇక్కణ్నుంచి పసుపు బల్బు వెలుతురులోనే పని, ట్యూబ్‌లైటు ఆర్పేయండి.

లైసిస్ రాత్రి, కరెంటు పొద్దున

స్లైడ్లు చల్లటి లైసిస్‌లో కనీసం ఒక గంట ఉండాలి. రాత్రంతా ఉన్నా నష్టం లేదు. మొత్తం పరీక్షలో మన కరెంటు కోతల్ని సహించే దశ ఇదొక్కటే. అందుకే నేను సాయంత్రానికి స్లైడ్లు లైసిస్‌లో పెట్టేసి, ఫ్రిజ్‌లో కొన్ని ఐసు సీసాలు కూడా సర్ది, ఎలక్ట్రోఫోరెసిస్‌ని మర్నాడు పొద్దున్నే పెట్టుకుంటాను. ఒక గుంపు రాత్రంతా, ఇంకో గుంపు గంట మాత్రమే ఉంచడం కుదరదు. అన్నీ ఒకే సమయం.

పొద్దున స్లైడ్లు నీళ్లలో ఒకసారి కడిగి, ట్యాంకులో వరసగా పేర్చి, చల్లటి క్షార ద్రావణం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచండి. పురి విడేది ఈ 20 నిమిషాల్లోనే. ట్యాంకు సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం పెట్టి చూడండి. ఒక మూల లోతు ఎక్కువైతే అక్కడి తోకలు వేరుగా ఉంటాయి. ఒకే ఎలుక స్లైడ్లన్నీ ఒకే చోట పెట్టకుండా చెల్లాచెదురుగా పెట్టమనేదీ అందుకే.

వోల్టేజి సెంటీమీటరుకి 0.7 వోల్టులు. రెండు ధ్రువాల మధ్య దూరం 36 సెంటీమీటర్లయితే 25 వోల్టులు. కరెంటు 300 మిల్లీఆంపియర్ల దగ్గర నిలిచేలా ద్రావణం మట్టం సర్దండి. ఎక్కువ చూపిస్తే కాస్త తీసేయండి, తక్కువైతే పోయండి. 20 నుంచి 30 నిమిషాలు చాలు, కానీ ఎంత పెట్టినా మొత్తం ప్రాజెక్టులో అదే ఉండాలి. ట్యాంకు చుట్టూ ఐసు. మొదట, చివర థర్మామీటరు పెట్టి రాసుకోండి. 10 డిగ్రీలు దాటనివ్వకండి.

పవర్ ప్యాక్‌ని తప్పనిసరిగా యూపీఎస్‌కి తగిలించండి. ఒకసారి 11వ నిమిషంలో కరెంటు పోయింది, జనరేటరు ఆన్ చేయడానికి తాళం చెవి ఉన్న మనిషి టిఫిన్‌కి వెళ్లాడు. వచ్చాక మిగతా నిమిషాలు పూర్తి చేశాం. తెలివైన పనే చేశాం అనుకున్నాం. ఆ ఆగిన సేపంతా డీఎన్ఏ క్షారంలో నానుతూనే ఉంది కదా, కంట్రోలు తోకలే రెట్టింపయ్యాయి. అలా జరిగితే ఆ ట్యాంకు స్లైడ్లు పారేసి, విడిగా ఇంకొన్ని స్లైడ్లు దాచి ఉంటే వాటితో మళ్లీ చేయండి.

తర్వాత ట్రిస్‌లో 5 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, చల్లటి ఇథనాల్‌లో 5 నిమిషాలు ఉంచి ఆరబెడితే స్లైడ్లు నెలల తరబడి నిలుస్తాయి. సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి, లేకపోతే మన గాలికి బూజు పట్టేస్తుంది.

లెక్కపెట్టడం

ఇథిడియం బ్రోమైడ్ గాని, సైబర్ గోల్డ్ గాని రంగుగా వేసి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో చూడాలి. డాక్సోరూబిసిన్ తలనొప్పి ఇక్కడ ఎదురవుతుంది. ఆ మందు తనంతట తానే ఎర్రగా వెలుగుతుంది. ఇథిడియం వెలుగూ ఎరుపే. ఏది డీఎన్ఏనో, ఏది మందో తెలియకుండా పోతుంది. ఆ మందు ఇచ్చిన ఎలుక స్లైడొకదాన్ని రంగు వేయకుండానే చూసి, చీకటిగా ఉందని తేల్చుకున్నాకే ముందుకెళ్లండి. ఆకుపచ్చగా వెలిగే సైబర్ రంగు మేలు.

స్లైడ్ల నంబర్ల మీద వేరే ఎవరిచేతనైనా కోడ్ అంటించండి. తనకి తెలిసి లెక్కపెట్టేవాడి కన్ను, ఎంత నిజాయితీపరుడైనా, మందు గుంపులో పొడుగు తోకల వైపే పోతుంది. స్లైడుకి 50, ఎలుకకి కనీసం 150 కణాలు. జెల్ అంచులు, బుడగల పక్క కణాలు వదిలేయండి. తల చుక్కంత, తోక మబ్బంత ఉండేవాటిని హెడ్జ్‌హాగ్ అంటారు. వాటిని సగటులో కలపకుండా విడిగా లెక్కపెట్టండి. అవి విపరీతంగా ఉంటే ఫార్మలిన్ ముక్క తీసి కణజాలం చూడాల్సిందే.

కొలవాల్సింది తోకలో ఉన్న డీఎన్ఏ శాతం. ఇమేజ్‌జే అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఓపెన్‌కామెట్ ఉచితంగా దొరుకుతుంది. కెమెరా కూడా లేని కాలేజీలో ఉంటే కంటితోనే 0 నుంచి 4 దాకా తరగతులు ఇచ్చి 100 కణాలకి 0 నుంచి 400 వరకు మార్కులు వేసే పద్ధతి ఉంది. నేర్చుకోవడానికి మంచిదే, థీసిస్‌కి మాత్రం సాఫ్ట్‌వేర్ వాడండి. సెలైన్ ఎలుకల కాలేయంలో తోక శాతం సగటు 6 దాటితే మీ కత్తెరో, ఐసో, లైసిస్సో తప్పు. మందు ఫలితాల గురించి మాట్లాడకుండా వెనక్కి వెళ్లి అది సరిచేయండి.

లెక్కలో చాలా ప్రాజెక్టులు చేసే తప్పొకటుంది. గుంపుకి 5 ఎలుకలు, ఎలుకకి 150 కణాలు, మొత్తం 750, కాబట్టి నమూనా 750 అని రాసి అద్భుతమైన పి విలువ చూపిస్తారు. మీరు మందు ఇచ్చింది 5 ఎలుకలకి. నమూనా 5. స్లైడు మధ్యస్థం తీసి, వాటి సగటుని ఎలుక విలువగా పెట్టి, ఆ ఐదింటితో పోలిక చేయండి.

ముడులు కొలవడం, మా అమ్మాయి వదిలేసిన సగం

ముడులు తోకని ఆపుతాయి కదా. అయితే మనమే కావాలని అన్ని స్లైడ్లలోనూ సమానంగా కొన్ని తెగుళ్లు పుట్టిద్దాం. ముడులు లేని కణాల్లో తోక బాగా సాగుతుంది, ముడులున్నచోట తక్కువ సాగుతుంది. ఆ తేడాయే ముడుల కొలత. ఆలోచన ఇంతే.

తెగుళ్లు పుట్టించడానికి చవకైన దారి హైడ్రోజన్ పెరాక్సైడ్. జెల్ గట్టిపడ్డాక, లైసిస్‌కి ముందు, అదనపు స్లైడ్లని ఐసు మీద పెరాక్సైడ్‌లో 5 నిమిషాలు ముంచి, వెంటనే లైసిస్‌లో వేయాలి. 30 శాతం సీసాలో సుమారు 9.8 మోలార్ ఉంటుంది. దాంట్లోంచి 10 మైక్రోలీటర్లు చల్లటి పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన సెలైన్) 970 మైక్రోలీటర్లలో వేస్తే 100 మిల్లీమోలార్. అందులోంచి మళ్లీ వెయ్యో వంతు పలచన చేస్తే 100 మైక్రోమోలార్. మన వేడికి తెరిచిన సీసా బలం త్వరగా తగ్గిపోతుంది, కొత్తది తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఎంత గాఢత అన్నది పుస్తకంలో చూసి పెట్టుకోవద్దు. కంట్రోలు ఎలుక అదే అవయవం కణాల మీద 25, 50, 100, 200 మైక్రోమోలార్ వేసి చూసి, తోక 30 నుంచి 40 శాతం వచ్చేది ఎంచుకోండి. కాలేయంలో కెటలేజ్ ఎంజైము దండిగా ఉంటుంది, పెరాక్సైడ్‌ని మింగేస్తుంది. కిడ్నీకి సరిపోయింది కాలేయానికి చాలదు.

ఇప్పుడు లెక్క. ఊహకి కొన్ని అంకెలు పెడతాను. సెలైన్ ఎలుక, పెరాక్సైడ్ లేకుండా తోక 4. సెలైన్ ఎలుక, పెరాక్సైడ్‌తో 34. మందు ఎలుక, పెరాక్సైడ్‌తో 19. పెరాక్సైడ్ వల్ల కంట్రోలులో పెరగాల్సింది 30, మందు ఎలుకలో అదే 4 మీద పెరిగింది 15. సగమే పెరిగింది, అంటే ముడుల వల్ల తోక 50 శాతం తగ్గింది. ఈ శాతమే మీ పట్టికలో ప్రధాన అంకె. దాని పక్కనే మందు ఎలుక పెరాక్సైడ్ లేని తోక కూడా వేయండి. ముడులు, తెగుళ్లు రెండూ కనిపిస్తాయి.

ఆ ముడి రెండు పేటల మధ్యదా, ప్రొటీనుతోనా అని తెలుసుకోవాలంటే కొన్ని స్లైడ్లకి లైసిస్ తర్వాత ప్రొటీనేజ్ కె వేయండి. ప్రొటీను కరిగిపోయాక తోక తిరిగి సాగితే ఆ ముడి ప్రొటీనుది.

ఒక లోపం కూడా చెప్పాలి. సిస్‌ప్లాటిన్ కిడ్నీలోని యాంటీఆక్సిడెంట్ ఎంజైముల్ని కూడా తారుమారు చేస్తుంది. కాబట్టి మందు కణాల్లో పెరాక్సైడ్ చేసే దెబ్బే వేరుగా ఉండొచ్చు. ఈ అనుమానానికి తావివ్వని దారి ఎక్స్-రే. జెల్ స్లైడ్లని ఐసు మీద పెట్టి సుమారు 10 గ్రేల మోతాదు ఇస్తే అన్నింటిలోనూ సమానంగా తెగుతుంది. దగ్గర్లో రేడియోథెరపీ విభాగం ఉన్నవాళ్లు గైడ్ ద్వారా ఉత్తరం రాసి అడగండి. మేము ముందు పెరాక్సైడ్‌తోనే చేశాం. అంతకుముందు "బాగుపడినట్టు" కనిపించిన కిడ్నీలే ఈసారి కంట్రోలులో సగం కూడా సాగలేదు. ఆ అమ్మాయి పట్టిక చూసి రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "అయితే లేబుళ్లు కరెక్టేనండి" అంది.

ఎముక మజ్జ మీద పనిచేస్తుంటే మైక్రోన్యూక్లియస్ (కణ కేంద్రకం నుంచి విడిపోయి మిగిలిన చిన్న ముక్క) లెక్క కూడా కలపండి. ఎలుకకి 4000 లేత ఎర్రకణాలు చూడాలి, ఓపిక పని, కానీ మరమ్మతు తర్వాత కూడా మిగిలిపోయిన దెబ్బని అది చూపిస్తుంది. యాంటీబాడీ కొనే డబ్బుంటే ఫార్మలిన్ ముక్కల మీదే గామా హెచ్2ఏఎక్స్ రంగు వేసి, రెండు పేటలూ తెగిన చోట్లని కణజాలంలో ఏ భాగమో కూడా చూడొచ్చు.

చేతులు, చెత్త

ఈ మందులు క్యాన్సర్ కణాన్నీ మన కణాన్నీ వేరుచేసి చూడవు. డబుల్ గ్లవ్స్, మాస్కు, పొడుగు చేతుల కోటు వేసుకోండి. గర్భంతో ఉన్నవాళ్లని మందు కలిపే పనికీ, పంజరాలు శుభ్రం చేసే పనికీ పెట్టకండి. మందు ఇచ్చిన ఎలుకల మూత్రంలో, కింద పరిచిన ఊకలో కూడా మందు ఉంటుంది. ఊకని దులపకుండా తడిపి ఎత్తండి, పెరట్లో కొబ్బరి మొక్కకి ఎరువుగా వేయకండి. 2016 నియమాల ప్రకారం ఆ ఊక, సూదులు తప్ప మందు అంటిన మిగతా చెత్త, సీసాలు సైటోటాక్సిక్ గుర్తుతో పసుపు సంచిలోకి వెళ్లాలి. సూదులకి వేరే గట్టి డబ్బా. ఇథిడియం ద్రావణం సింకులో పోయకండి. మన కాలువల్లోకే పోతుంది.

ఐసు పెట్టె సంగతి మర్చిపోయేవాడు కాదు మా అటెండరు. పని అయ్యాక దాన్ని కడిగి, చేపల మార్కెట్లో తనకి అరువిచ్చినవాడికి తిరిగిచ్చేద్దామని సైకిలెక్కించాడు. గేటు దగ్గర ఆపాం. వాడికి కొత్త పెట్టె కొనిచ్చి, దీని నాలుగు వైపులా ఎర్ర మార్కరుతో "మందుల గది" అని రాశాం. మీరు పెట్టె తెచ్చిన రోజే రాసేయండి.